బ్యాటరీ విప్పి పెట్టిన ఫోను

“ఎప్పటినుంచి ఇట్ల పెడతాండావమ్మా దీన్ని?”

“ఎట్ల పెడతాండాను? జోపానంగానే పెట్టినా గదా. ఒక్క గీత పడిండాదేమో చూడు.”

“గీతల సంగతి కాదు నేను అడిగేది. బ్యాటరీ ఎందుకు విప్పినావు?”

“మాట్లాడేది అయిపోయినాక దానికి బ్యాటరీ ఎందుకురా? మనిషి లేని రూములో లైటు వేసి పెడతామా?”

“అమ్మా, ఇది లైటు కాదు!”

“తినేది కరెంటే గదా?”

నా కొడుకు ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బ్యాటరీ పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు. ఆ రెంటినీ నేను పాత జాకెట్టు గుడ్డలో విడివిడిగా చుట్టి, పోపుడబ్బా పక్కన పెట్టుకునేదాన్ని. ఆ సాయంత్రం వాడు వెలుతురుండగానే ఇంటికొచ్చాడు. ఫోను పరీక్ష అయిపోయిందమ్మా, ఆఫీసులో తిరిగి ఇచ్చేయాల అని నవ్వుతూనే అడిగాడు. గుడ్డ విప్పేదాకానే ఆ నవ్వు.

“దినమూ విప్పినావా?”

“నువ్వు తెచ్చిచ్చిన దినంనుంచి. సాయంత్రం మీ చిన్నమ్మకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది, ఆమె చేస్తే నాలుగు మాటలు మాట్లాడేది, ఆపి విప్పి పెట్టేది. ఏమీ మార్చొద్దమ్మా, నీకు ఎట్ల అలవాటో అట్లనే వాడు అని చెప్పింది నువ్వే గదప్పా.”

వాడు పోపుడబ్బా ఉన్న అలమరలోకి ఏదో వెతుకుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఫోను మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలి. మాది గాజుల అంగళ్ళుండే బళేపేటలో పాత ఇల్లు. కింద అంగడి, పైన కాపురం. అంగట్లో మా ఆయన గాజులమ్మేవాడు. కూడికలూ తీసివేతలూ వచ్చేదాకానే నన్ను బడికి పంపారు. ఆ మాత్రం చదువుతోనే అంగడి చూసుకున్నాను, ఆయన పోయాక కొడుకును ఇంజనీరింగు చదివించాను. వాడు సెల్‌ఫోన్లకు చిప్పులు గీసే కంపెనీలో చేరాడు. చిప్పంటే ఏమిటని ఒక ఆదివారం బియ్యం ఏరుతూ అడిగాను. వాడు తన చూపుడు వేలి గోరు చూపించాడు.

“ఇంతే ఉంటుందమ్మా. ఫోనుకు తలకాయ అదే. మాట వినేదీ, బొమ్మ చూపించేదీ, ఎంత కరెంటు వాడుకోవాల్నో చూసుకునేదీ అంతా దాని పనే. పైన పేరు ఫోను వాళ్ళది. లోపల తలకాయ మాది.”

“మరి మీ పేరు యాడుంటుంది?”

“యాడా ఉండదు.”

కొన్నవాడికి తెలియని సరుకు కోసం అంత పోటీ ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. పోటీ మాత్రం మా ఇంట్లోనే ఉండేది. బయటి దేశపు ఫోన్ల కంపెనీ ఒకటి మామూలు జనం కోసం కొత్త ఫోను తెస్తోంది. అందులో ఎవరి చిప్పు పెట్టాలా అని ఇద్దరిని పిలిచింది. ఒకటి నా కొడుకు కంపెనీ. రెండోది నా కోడలు పనిచేసే కంపెనీ.

కోడలిది గుంటూరు వైపు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు, రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా ఉన్న ఆఫీసుల్లో చేరారు. పొద్దున ఒకే బండి మీద పోయేవాళ్ళు. వాడు ఆమెను ఒక గేటు దగ్గర దించి, బండి తిప్పుకుని ఎదురు గేటులోకి పోయేవాడు. పని సంగతులు బయట చెప్పబోమని ఇద్దరూ సంతకాలు పెట్టివున్నారు. మొగుడూ పెళ్ళాలు బయటివాళ్ళ కిందకు వస్తారా అని నేను అడిగితే వస్తారని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఇంట్లో ఉండగా పైవాళ్ళ ఫోను వస్తే వాడు మిద్దె మీదికి పోయేవాడు, ఆమె స్నానం చేసే బచ్చలింట్లోకి పోయి తలుపు వేసుకునేది. అన్నం దగ్గర తమ కూతురి బడి గురించి, కుళాయి నీళ్ళ గురించి, నా మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇంట్లో మోకాళ్ళ నొప్పి ఉండడం మంచిదే అనిపించేది నాకు. లేకుంటే వాళ్ళకు మాటలే ఉండేవి కావు.

ఓడిపోయినవాళ్ళ సంగతి ఏమిటని నేను వాడిని మిద్దె మీద బట్టలు ఆరేస్తూ అడిగాను.

“ఈ ఫోను మాకు రాకుంటే మా టీము మూసేస్తారమ్మా,” అన్నాడు. “కొనేవాడు లేని చిప్పు గీసినోళ్ళను ఎవురు పెట్టుకుంటారు?”

కూతురు పాకుతుండగా మొదలుపెట్టిన పని అది. ఆ పిల్ల అప్పటికి చెప్పుల వారు తనే పెట్టుకుని బడికి పోతోంది. ఆ చిప్పు తప్ప వాడికి ఇంకో పని తెలియదు. నేను తడి చీర పిండుతూ వాడి ముఖం చూశాను. గెలుస్తామనే నమ్మకం అందులో అప్పుడు కొంచెం ఉండింది.

నాకు లేదు. నేను అంగడి పోటీ చూసినదాన్ని. మా ఆయనకూ ఎదురంగడి ఆయనకూ పడేది కాదు. ఈయన మట్టిగాజుల డజను ఇంతకు ఇస్తానంటే ఆయన ఇంకా తగ్గించి ఇస్తాననేవాడు. ఆయన అంగట్లో కొత్త రంగు కనిపిస్తే ఈయనకు అన్నం సహించేది కాదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూనే ముసలివాళ్ళయ్యారు. తొంభైలలో లోహపు గాజులు వచ్చాయి. పగలవు, చీర రంగుకు సరిగ్గా కుదురుతాయి. బండి మీద పోసుకుని వీధి మొనలో అమ్మేవాళ్ళు. ఆ బండివాణ్ణి ఇద్దరిలో ఎవరూ అంగడివాడి కింద లెక్క వేసుకోలేదు. మొదట ఎదురంగడి మూతపడింది. మా ఆయన ఆ దినం చానా సంతోషపడ్డాడు. ఆ తర్వాత మాదీ మూతపడింది.

పరీక్ష ఫోను వచ్చింది అలాంటి పోటీ మధ్యనే. ఆఫీసులో ఇంజనీర్లు వాడితే బ్యాటరీ నిజం బయటపడదట. వాళ్ళ బల్లల మీద చార్జర్లు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి గంటగంటకూ తగిలిస్తారు. మామూలు జనం చేతుల్లో ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలని వాళ్ళ పైఆయన అన్నాడు. మామూలు జనం ఎక్కడ దొరుకుతారు? బయటివాళ్ళకు ఇస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని టీములో ప్రతివాడూ ఒక ఫోను తీసుకుపోయి వాళ్ళ అమ్మకు ఇచ్చాడు.

నా చేతికిస్తూ నా కొడుకు చెప్పింది ఒక్కటే. అలవాటు మార్చకుండా వాడుకో, చార్జి అయిపోయినప్పుడు చెప్పు.

ఫోను అంటే నాకు భయమే. ఎస్టీడీ అంగట్లో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే మాట సగంలో మింగి పెట్టేసిన కాలం మాది. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో అవతలివాడు చేసినా మన డబ్బే పోయేది. అందుకని మా ఇళ్ళలో మోతలతోనే పని జరిపించుకునేవాళ్ళం. ఒక్కసారి మోగి ఆగితే బయల్దేరినానని అర్థం. మోగి ఆగి మళ్ళీ మోగితే అన్నానికి ఆగొద్దని. మాట్లాడవలసి వస్తే మాట్లాడి, ఆపేసి పెట్టడం. చార్జి కూడా బియ్యం లాంటిదే. ఉన్నంతలో రావాలి.

మాట్లాడుతుంటే ఫోను చెవి దగ్గర పెనంలాగ కాగేది. అది వాడికి చెప్పాను కూడా. కొత్తది గదమ్మా, పోతుందిలే అన్నాడు. ఆదివారం ఆదివారం అడిగేవాడు.

“చార్జి ఎప్పుడు పెట్టినావు మా?”

“పోయిన వారం.”

“మళ్ళ పెట్టలేదా? నిజంగా?”

“అబద్ధం చెప్పి నాకేమొస్తుంది?”

వాడి ముఖం ఎంత వెలిగేదో! మిగతా అమ్మలు కూడా అలాగే చెప్పారట. ఆఫీసు మిషన్ల మీద కొలిచినప్పుడు బ్యాటరీ త్వరగా దిగిపోతోందని మొదట్లోనే కనబడిందట. కానీ ఇళ్ళల్లో వారం నిలుస్తుంటే మిషన్లదే తప్పనుకున్నారు. ఫోను ఎంతసేపు ఆపి ఉందో లోపలే గుర్తుంచుకునే ఏర్పాటు ఒకటి చేయాలనుకుని, అవతలి కంపెనీ ముందు పోతోందనే తొందరలో వదిలేశారట. వారం నిలుస్తుందనే మాట రాసి బయటి దేశానికి పంపించారు.

ఇదంతా వాడు ఆ సాయంత్రం వంటింటి నేల మీద కూర్చుని, నన్ను తిట్టినంతసేపు తిట్టి, తర్వాత మెల్లగా చెప్పాడు. నాకు కోపం పోలేదు.

“ఆపొద్దని ఒక్క మాట చెప్పింటే ఆపకనే పెట్టుకొనేదాన్ని గదా?”

“ఆపుతావని నాకేం తెలుసు?”

“నా కడుపున పుట్టి నేను లైట్లు ఆపేది చూడలేదా నువ్వు? గీజరు వేసినావని ఎన్నిసార్లు తిట్లు తినలేదు?”

“అందరి అమ్మలూ నీ మాదిరి ఉండరు,” అన్నాడు. అన్నాడో లేదో తనకే అనుమానం వచ్చింది. తన సొంత ఫోను తీసి టీములో ఒకాయనకు చేశాడు. ఆయనది దొడ్డబళ్ళాపురం. వాళ్ళ అమ్మ మగ్గాల ఇంటి మనిషి. గట్టిగా మాట్లాడే అలవాటున్న కొడుకు కాబట్టి అతను ఇంట్లోకి పోయి అమ్మను అడగడం నాకు కూడా వినబడింది. ఆమె జవాబూ వినబడింది.

“మగ్గాల మోతలో అది మోగితే ఎవురికి వినబడుతుందప్పా? రాత్రి నువ్వు ఆఫీసునుంచి చేసే టైముకు వేస్తాను, మాట్లాడి ఆమేలె ఆపి స్టీలు డబ్బాలో పెడతాను. ఎలుకలు ఉండాయి గదా.”

సర్జాపుర రోడ్డులో కొత్త అపార్టుమెంటులో ఉండేవాడికి చేశాడు. వాళ్ళమ్మ నెల్లూరు నుంచి వచ్చినామె. కొడుకు ఇచ్చిన ఖరీదైన ఫోను పాడవుతుందేమోనని ఆపి దేవుడి గూట్లో పెట్టి, శుక్రవారాలు తుడిచిందట. ఇంకొకామె ఫోను ఆపలేదు కానీ, అసలు వేయనే లేదు. మొదటి దినం చార్జి నిండుగా ఉందని ఎప్పుడు అడిగినా నిండుగానే ఉందని చెబుతూ వచ్చింది. అది విని నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వకపోతే నేనూ మింగేశాను.

అప్పుడు చూశాను, కోడలు మెట్లెక్కి వచ్చి, భుజాన సంచి తీయకుండానే హాలులో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. వాడూ చూశాడు.

“నువ్వు ఇవేవీ వినలేదనుకో,” అన్నాడు.

“వినలేదనుకోమంటే ఎలాగండీ? వినేశానుగా.”

“అయితే పో, మీ మేనేజరుకు ఫోన్ చేసి చెప్పు. నీకు ప్రమోషన్ వస్తుంది.”

ఆమె సంచి కింద పడేసింది. “ఇన్నేళ్ళ కాపురంలో నా గురించి మీకు తెలిసింది ఇదా?”

“మరేం చేస్తావు?”

“నేనేం చేస్తానో తర్వాత. మీ వారం రోజుల బ్యాటరీ మమ్మల్ని ఏం చేసిందో తెలుసా? ఆ మాట మార్కెట్ అంతా తిరిగిందండీ. మాది మూడు రోజులు కూడా రాదు. ఎలా వస్తోంది వాళ్ళకి, మీకు చేతకాదా అని రోజూ మీటింగుల్లో తిట్లు. శనివారాల్లేవు, ఆదివారాల్లేవు. పాప డాన్సు చూడ్డానికి రాలేదని మీరే కదా నన్ను నెల రోజులు దెప్పారు? ఎందుకు రాలేదనుకున్నారు? అత్తయ్యగారు బ్యాటరీ విప్పి గుడ్డలో చుట్టి పెట్టినందుకు!”

“నా మీదికి తోయొద్దు,” అన్నాను నేను.

“మిమ్మల్ని అనడం లేదత్తయ్యా. మీరు పొదుపు చేశారు. ఈయన నమ్మారు. మేం పరిగెత్తాం. ఎవర్ని అనాలి నేను?”

అప్పుడే మనవరాలు ట్యూషన్ నుంచి వచ్చి, ఇంట్లో కొట్లాట అని తెలుసుకుని, ఒక మూలకు పోయి పుస్తకం తెరుచుకుంది.

అన్నాలు తినే ముందు నేనే అన్నాను, ఇప్పుడైనా చూడండి, అది ఆపకుండా పెడితే ఏమవుతుందో. వాడు బ్యాటరీ బిగించి, నిండా చార్జి చేసి, భోజనాల బల్ల మీద నడి మధ్యలో పెట్టాడు. ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. కోడలు సాంబారు గిన్నె దానికి తగలకుండా పక్కకు జరిపింది. ఆమె కంపెనీకి అది శత్రువు చిప్పు. అయినా అది నిలవాలనే ఆమె కోరుకుంటున్నట్టు నాకు కనిపించింది. మేము ముగ్గురమూ తింటూ దాన్నే చూశాము. వెలుగుతూనే ఉంది.

“నిలవకుంటే ఏం చేస్తావు?” అని అడిగాను.

“పోయి చెప్తాను. మేము పంపిన మాట తప్పని చెప్తాను.”

“చెప్తే?”

“టీము పోతుంది. చెప్పకుంటే ఫోన్లు జనం చేతికి పోయినాక పోతుంది.”

“అయితే చెప్పు,” అన్నాను. ఇంకేమి అనాలో నాకు తెలియలేదు. కోడలు మజ్జిగ పోస్తూ, “నేను మావాళ్ళకి చెప్పనండీ,” అంది. వాడు తలెత్తలేదు. ఆమె వాడు చూసేదాకా కూడా ఆగలేదు, గిన్నె ఎత్తుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున పాలు తీసుకోవడానికి లేచి, లైటు వేయకుండానే బల్ల దగ్గరకు పోయాను. ఫోను ముఖం నల్లగా ఉంది. బటను నొక్కాను. గట్టిగా నొక్కాను. ఏమీ రాలేదు. దాన్ని ఉన్నచోటే ఉంచి పాలు పొయ్యి మీద పెట్టాను. వాడు వచ్చి చూసి, తనూ ఒకసారి నొక్కి, స్నానానికి పోయాడు. రవ్వ ఉప్పిట్టు పెడితే తిన్నాడు. ఫోనును నా జాకెట్టు గుడ్డలోనే చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే బండి మీద పోయారు. ఆమె వాడి భుజం పట్టుకోకుండా, వెనక ఇనుప కమ్మీ పట్టుకుని కూర్చుంది.

ఎండ మిద్దె మీదికి ఎక్కకముందే వాడు తిరిగొచ్చాడు.

“చెప్పినావా?”

“లేదమ్మా. చెప్పే పని లేకపోయింది.”

బయటి దేశం నుంచి పొద్దున్నే జవాబు వచ్చి ఉందట. ఆర్డరు వీళ్ళకు లేదు, కోడలి కంపెనీకీ లేదు. మూడోవాడెవడో, వీళ్ళిద్దరూ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోనివాడు, చిప్పుతోపాటు ఫోను లోపలిదంతా సిద్ధం చేసి తక్కువ ధరకు ఇస్తానన్నాడట. ఆర్డరు వాడి చేతిలో పెట్టేశారు. బ్యాటరీ వారం నిలుస్తుందన్న మాటను అవతల ఎవరైనా నమ్మారో, అసలు చదివారో కూడా తెలియదు. నా కొడుకు తప్పు ఒప్పుకుందామని పైఆయన గది ముందు నిలబడితే, ఆయన టీములో ఎవరిని ఎప్పుడు పంపేయాలా అని ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడట. పరీక్ష ఫోను తిరిగి ఇవ్వబోతే, ఇంక వాటిని ఎవరూ అడగరు, మీరే పెట్టుకోండి అన్నారట.

వాడు దాన్ని బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విడవకుండా కుర్చీలో కూర్చున్నాడు. నేను బ్యాటరీ విప్పి, గుడ్డలో చుట్టి, పోపుడబ్బా పక్కన పెట్టాను.

హాలులో ల్యాండ్‌లైను ఒక్కసారి మోగి ఆగింది. అది కోడలిది, బయల్దేరానని. నేను ఇంకో గ్లాసు బియ్యం కడిగి ఎసట్లో పోశాను.